పురుగు ఆకును ఎందుకు ముడుచును? వరిచేలో ముడత విప్పి చూడుడు



సార్వా నాట్లు పడి నెలనాళ్ళు దాటి, చేను దుబ్బు కట్టి నల్లపచ్చగా తిరిగిన దినములలో ఒక ఉదయము గట్టు మీదికి పోయి చూడుడు. నిన్నటిదాకా కత్తివలె నిలిచిన ఆకులలో అక్కడక్కడ కొన్ని అంచుకు అంచు కలిసి గొట్టమువలె ముడుచుకొని ఉండును. కొన్నింటి మీద పొడుగునా తెల్లని చారలు కనిపించును. తాడేపల్లిగూడెం చుట్టుప్రక్కల గాని, ఏలూరు కాలువ క్రింది చేలలో గాని, కొల్లేటి పల్లములలో గాని ఈ దృశ్యమును ఎరుగని రైతు లేడు. దీనినే ఆకుముడత అందుము. చూచిన గడియ నుండి మనసు నిలువదు. సాయంత్రమునకు కొట్టు నుండి మందు సీసా వచ్చును. మరునాటికి చేనంతా మందు వాసనే.

ఆ తొందరకు ముందు ఒక ప్రశ్న వేసికొందము. పురుగుకు కావలసినది ఆకే గదా! దానిని తిని పోక, ముడిచి, కుట్టి, లోపల కాపురముండుట దేనికి? ఇది పసిపిల్లలు అడుగు ప్రశ్నవలె తోచును. కాని దీనికి జవాబు తెలిసిన రైతుకు మందు ఏ దినములలో వృథా అగునో, ఎందుకు వృథా అగునో, నిజముగా ఎప్పుడు కావలెనో కూడ తెలియును. ఒక ఎకరమునకు ఒక తడవ మందు ఖర్చు, కూలి ఖర్చు ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు. దానికి మించిన నష్టము వేరొకటి కలదు. దానిని ముందు చెప్పుదును.

ఇల్లు కట్టు తీరు

ఆకుముడత పురుగు తల్లి చిన్న రెక్కల పురుగు. రంగు పసుపు గోధుమ. రెక్కల మీద వంకర నల్లగీతలు, అంచున నల్లని పట్టీ ఉండును. చేలో నడచినప్పుడు మోకాళ్ళ ముందు నుండి లేచి, నాలుగు బారలు ఎగిరి, మరల ఆకు క్రిందికి దూరునది ఇదియే. శాస్త్రజ్ఞులు దీనిని నాఫలోక్రోసిస్ మెడినాలిస్ అందురు. 1854లో గెనే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను. ఆడ పురుగు ఆకు మీద, ఈనె ప్రక్కన, పలుచని చదును గ్రుడ్లను ఒక్కొక్కటిగాను వరుసగాను పెట్టును. మూడు నాలుగు దినములకు, ఒక్కొక్కప్పుడు మరి రెండు దినములు ఆలస్యముగా, పిల్ల పురుగు బయటకు వచ్చును.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. పుట్టిన పిల్లకు ఇల్లు లేదు. అది దుబ్బు నడుమనున్న లేత సుడి ఆకులోనికి ప్రాకి, అక్కడి సందులో దాగి మెత్తని పచ్చదనమును గీకుకొని బ్రతుకును. ఒకసారి కుబుసము విడిచి రెండవ దశకు వచ్చిన తరువాతనే విచ్చుకొన్న ఆకు మీదికి వచ్చి ఇల్లు ఆరంభించును.

ఆ పని చూడదగినది. పురుగు నోటి క్రింద పట్టుదారము వచ్చు చిన్న రంధ్రము కలదు. పట్టుపురుగుకు ఉన్నట్టిదే. ఆకు పైభాగమున నిలిచి, దారపు కొసను ఒక అంచునకు అంటించి, తల ఊపుచు రెండవ అంచునకు తీసికొనిపోవును. మరల ఇటు, మరల అటు. ఒక్క దారమునకు బలమెంత? కాని పదులకొలది పోగులు ఒకచోట చేరి కట్టగా ఏర్పడును. ప్రతి పోగును సాగదీసి అంటించును గనుక అది తిరిగి కుంచించుకొని అంచులను లోపలికి లాగును. ఒక కట్టు బిగిసిన తరువాత దాని ప్రక్కన మరికొంచెము పొట్టిగా ఇంకొక కట్టు వేయును. అప్పుడు మొదటిది వదులగును, రెండవది బరువు మోయును. బండి మీద గడ్డి వేసి తాడు కట్టువాడు ఒక చుట్టు బిగించి, దానిని ఆధారము చేసికొని రెండవ చుట్టు లాగునట్లే ఇది. గోరంత ప్రాణి జానెడు ఆకును వంచుటలోని కిటుకు బలము కాదు, ఓపిక.

రెండంచులు కలిసిన తరువాత ఆకు పైభాగము ఇంటికి లోపలి గోడ అగును. పురుగు ఆ గోడనే తినును. పచ్చనంతయు గీకి క్రింది పలుచని పొరను మాత్రము విడుచును. బయటి నుండి మనకు కనబడు తెల్లచార అదియే. అనగా ఆ పురుగుకు ఇల్లే గాదె, గాదెయే ఇల్లు.

ఇంత శ్రమ దేనికి?

మొదటి కారణము ఎండ. పురుగు ఒళ్ళు మెత్తన, చర్మము పలుచన. చిన్న ప్రాణికి లోపలి తడి తక్కువ, గాలి తగులు చర్మము ఎక్కువ. తడిగుడ్డను పరచి ఆరవేసినచో గంటలో ఆరును. ముద్దగా చుట్టి ఉంచినచో సాయంత్రము వరకు తడియే. ముడుచుకొన్న ఆకు లోపల ఆకు విడుచు ఆవిరి నిలిచి చెమ్మగా ఉండును. మీ చేలో ఈ పురుగు ఎక్కడ ఎక్కువ పడుచున్నదో గమనించితిరా? గట్టు మీది కొబ్బరి నీడలో, చింతచెట్టు క్రింద, దట్టముగా ఊడ్చి గాలి ఆడని మడిలో. ముసురు పట్టి ఎండ మొగము కనబడని వారములలో ఇది మరింత పెరుగును. నీడ, చెమ్మ ఉన్నచోట దాని ఇంటికి సగము పని ముందే జరిగియున్నది.

రెండవది శత్రుభయము. ఏట్రింతలు, గోరువంకలు, కొంగలు, కందిరీగలు, సాలీళ్ళు, చీమలు, తూనీగలు చేనంతా తిరుగుచుండగా బయట ఆకు మీద పరుండి తిను పురుగు ఎన్ని దినములు బ్రతుకును? ఈ భయమునకు ఒక్కొక్క జాతి ఒక్కొక్క ఉపాయము వెదకుకొన్నది. కంకి కత్తిరించు పురుగు పగలంతా దుబ్బు మొదట దాగి, చీకటి పడినాక పైకెక్కి తినును. కాండము తొలుచు పురుగు మొక్కలోనికే దూరును. ఆకుముడత పురుగు పగలు కూడ భోజనము మానకుండ, భోజనమునే కప్పుకొని కూర్చుండును.

మూడవది గాలివాన. సెప్టెంబరు వానకు ఆకు కొరడావలె ఊగునప్పుడు పట్టుతప్పిన పురుగు క్రింది నీటిలో పడును. కుట్టిన ఇంటిలోనున్నది పడదు.

ఈ మూడింటిలో ఏది ముఖ్యమైనదను చర్చ శాస్త్రజ్ఞులలో ఉన్నది. నా మట్టుకు నాకు మన డెల్టా చేలలో శత్రుభయమే పెద్దదని తోచును. చెమ్మకు ఇక్కడ కొదువ లేదు గదా.

అయితే ఏ ఇల్లును ఉచితముగా రాదు. పట్టుదారము మాంసకృత్తుతో తయారగును. అది తిన్న తిండి నుండియే తీయవలెను. ఇల్లు కట్టుటకు పట్టు కాలము తినుటకు పనికిరాదు. లోపలి పచ్చన అయిపోగానే ఇల్లు విడిచి మరియొక ఆకుకు పోక తప్పదు. రెండు మూడు వారముల జీవితములో ఒక్కొక్క పురుగు సాధారణముగా మూడు నాలుగు ఆకులను పాడుచేయును. ఇల్లు మారు ప్రతిసారియు అది ఆరుబయట నడువవలెను. ప్రాణాపాయము అప్పుడే. చివరకు పెరిగిన పురుగు సుమారు 2 సెంటీమీటర్ల పొడవై, లేత ఆకుపచ్చ రంగుతో, గోధుమరంగు తలతో ఉండును. ముడత విప్పగానే చివుక్కున వెనుకకు ఎగిరి జారిపోవును. తరువాత ముడతలోనే, లేదా ఆకు తొడిమ దగ్గర, పలుచని గూటిలో కోశస్థ దశకు పోయి ఆరెనిమిది దినములలో రెక్కల పురుగగును.

ఇంటి గుట్టు తెలిసిన శత్రువులు

పక్షికి కనబడకుండ దాగిన పురుగు ఆ ఇంటి మూలముననే కొందరికి పట్టుబడును. ముడుచుకొన్న ఆకు ఒక గుర్తు. లోపల చేరు పెంట మరియొక గుర్తు. దాని వాసన బట్టి వెదకు కందిరీగ జాతులు కలవు. అమెరికాలో ఆకును మడిచి అందులో ఉండు ఒక సీతాకోకచిలుక పురుగు తన పెంటను ఒడిసెలతో విసరినట్లు బయటకు విసరును. తన శరీరపు పొడవుకు దాదాపు 40 రెట్ల దూరము పోవునట! ఈ విచిత్రము దేనికని మార్తా వైస్ అను శాస్త్రజ్ఞురాలు పరీక్షలు చేసి 2003లో ప్రకటించిరి. పెంట దగ్గరనున్న ఇండ్లనే కందిరీగలు ఎక్కువగా వెదకి పట్టుకొన్నవి. అందుకే ఆ పురుగుకు అంత శుభ్రత. మన వరి పురుగుకు ఆ తెలివి లేదు. మీరు ముడత విప్పినప్పుడు లోపల రవ్వవంటి పెంట కనబడుచునే ఉండును.

మన చేలలో ముడతలోనికే దూరి పురుగును తిను పెంకు పురుగు ఒకటి కలదు. చూచుటకు పెద్ద చీమవలె సన్నగా, నిగనిగలాడుచు, నల్లతల, ఎర్రని మెడ, వీపున నల్లని పట్టీతో ఉండును. దీనిని పంటకు కీడు చేయునదనుకొని నలుపువారిని చూచితిని. ఇది రోజుకు 3 నుండి 5 ఆకుముడత పురుగులను తినగలదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు వ్రాసియున్నారు. ఇక మిడతవలె కనబడు చిన్న కీచురాళ్ళు గ్రుడ్లను తినును. ట్రైకోగ్రామా అను కంటికి ఆనని కందిరీగ తన గ్రుడ్డును పురుగు గ్రుడ్డులో పెట్టును. అట్టి గ్రుడ్డు నల్లబడును. మరికొన్ని కందిరీగలు పురుగు ఒంటిలోనే గ్రుడ్లు పెట్టును. అట్టి పురుగు మందగించి, పాలిపోయి, చివరకు దాని ప్రక్కన బియ్యపు నూకవంటి తెల్లని గూళ్ళు మిగులును.

ఈ మాట వరికే కాదు. మన కొబ్బరి తోటలలో నల్లతల పురుగు ఆకు క్రిందిభాగమున పట్టు, పెంట కలిపి సొరంగములు కట్టుకొని వాటిలో ఉండును. నేల మీద నిలిచి కొట్టిన మందు అక్కడికి చేరుట కష్టము. అందుకనే గోనియోజస్, బ్రాకాన్ అను చిన్న కందిరీగలను పెంచి తోటలలో విడుచు పద్ధతి వచ్చినది. మందు దూరని సొరంగములోనికి ఆ కందిరీగ దూరును. మినుము వేసినవారికి మారుకా మచ్చల పురుగు తెలియును. అది పూతను, పిందెను, ఆకును కలిపి అల్లి గూడు చేసికొనును. ఆయిల్ పామ్ తోటలలో సంచి పురుగు ఆకు ముక్కల సంచిని వీపున మోసికొని తిరుగును. రూపములు వేరు, అవసరము ఒక్కటే.

నా పొరపాటు

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పవలెను. పాఠములు చెప్పు ఉద్యోగములో చేరిన తొలి సార్వాలో తాడేపల్లిగూడెమునకు దగ్గరి ఒక పల్లెకు పోయితిని. నాటి నెల దాటిన చేను. దుబ్బు దుబ్బునకు తెల్లచారలు. గట్టు మీద నిలిచి లెక్క చూచి, వెంటనే మందు కొట్టవలెనని ఇద్దరు రైతులకు చెప్పితిని. అందులో పెద్దవారు చేలోనికి దిగి, పది ఇరువది ముడతలు కోసి తెచ్చి, గట్టున కూర్చుండి ఒక్కొక్కటి గోటితో విప్పిరి. ఎక్కువ ముడతలు ఖాళీ. కొన్నింటిలో తెల్లని నూకవంటి గూళ్ళు. ప్రాణముతో కదలినవి నాలుగో అయిదో.

“మాస్టారూ, ఇంట్లో మనిషున్నాడో లేడో చూసుకోకుండా తలుపు మీద కర్రేసి కొడితే ఏం లాభమండీ?” అనిరి.

“తెల్లచార ఇంత కనబడుచున్నది గదా, బాబాయిగారూ” అంటిని.

“చార నిన్నటిదండీ. మీరు కొట్టమనే మందు రేపటిది.”

ఆయన కొట్టలేదు. రెండవ రైతు నా మాట మీద గౌరవముతో కొట్టినాడు. చవుకగా దొరకునది, చురుకుగా చంపునది అని పైరిత్రాయిడ్ జాతి మందు కొట్టినాడు. ఏది కొట్టవలెనో, ఏది కూడదో చెప్పక పోవుట కూడ నా తప్పే. అక్టోబరులో ఆ చేలో సుడిదోమ పడి, వలయములు వలయములుగా ఎండినది. ప్రక్క చేలోను దోమ వచ్చినది గాని సాలీళ్ళు, మిరిడ్ నల్లులు దానిని అదుపులో ఉంచినవి. ఒక చేనును చూచి సిద్ధాంతము చేయరాదు. కాని ఇది ఒక్క చేని కథ కాదు. పైరిత్రాయిడ్ మందులు, తొలి దినములలో అనవసరముగా కొట్టు ఇతర మందులు దోమకు శత్రువులైన ప్రాణులను ముందు చంపి, దోమ తిరిగి విజృంభించుటకు దారి ఇచ్చునని ఆసియా వరిదేశములన్నిటను తేలిన సంగతి. ముడతలోని పురుగు ఇంటి చాటున మిగిలిపోవును. ఆరుబయట కావలి తిరుగు సాలీడు చచ్చును. నేను మొదట చెప్పిన పెద్ద నష్టమనగా ఇదియే.

వియత్నాం దేశమున మెకాంగ్ డెల్టాలో రైతుల అలవాటు మన వంటిదే; ఆకు ముడిచిన కొలది దినములకే మందు. అక్కడి లాంగ్ ఆన్ ప్రాంతమున 1994లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అక్కడి ప్రభుత్వ శాఖలు కలిసి రైతులకు ఒక చిన్న మాట ప్రచారము చేసినవి: విత్తనము చల్లిన 40 దినముల వరకు ఆకుముడతకు మందు కొట్టనక్కరలేదు, నమ్మకము లేనిచో మీ చేలోనే ఒక ముక్క కొట్టక విడిచి దిగుబడి పోల్చి చూచుకొనుడు. కొన్ని ఏండ్లలో ఆ రైతుల మందు తడవలు దాదాపు సగమునకు తగ్గినవి. ఊడ్చిన వరికి ఈ గడువు నాటిన 30 దినములని లెక్క.

ఎందుకు అక్కరలేదు? పిలకలు వేయు దశలోని దుబ్బుకు ఆకులు తిరిగి వచ్చును. పోయిన ఆకుకు బదులు క్రొత్త పిలక, క్రొత్త ఆకు. ఆ వయస్సులో కొంత ఆకు పోయినను గింజలో తేడా రాదు. కాని చిరుపొట్ట దశ నుండి మాట మారును. అప్పుడు క్రొత్త ఆకు రాదు. చివరిదైన పోటాకు, దాని క్రింది రెండాకులు కలిసి గింజకు పాలు పోయవలెను. పోటాకు ముడుచుకొని తెల్లబడినచో తాలు పెరుగును. కనుక చూపు అప్పుడు చురుకుగా ఉండవలెను. నాటిన నెలలో కాదు.

కొల్లేటి పల్లములో తేలు ఇండ్లు

ఏలూరు, కైకలూరు, ఆకివీడు ప్రాంతపు పల్లపు చేలవారికి మరియొక ఇల్లు కట్టు పురుగు బాగుగా తెలియును. ఇది ఆకు కొసను అడ్డముగా కత్తిరించి, ఆ ముక్కను గొట్టముగా చుట్టి, లోపల పట్టుపూత వేసి, దానిలో తానుండి నీటి మీద తేలుచుండును. గొట్టములో కొంచెము నీరు నింపుకొని ఉండును. ఒంటి ప్రక్కల వెంట్రుకలవంటి మొప్పలు కలవు. వాటితో ఆ నీటిలోని గాలినే పీల్చును. కావున మునిగినను చావదు. రాత్రి వేళ గొట్టముతో సహా దుబ్బునెక్కి ఆకు పచ్చన గీకును. అక్కడ ఆకు నిచ్చెన మెట్లవలె తెల్లగా కనిపించును. ఒళ్ళు పెరిగి గొట్టము ఇరుకైనప్పుడు పాతది విడిచి క్రొత్త ముక్క కత్తిరించుకొనును. దీని తల్లి చిన్న తెల్లని రెక్కల పురుగు. నీటిని తాకుచున్న ఆకుల అడుగున గ్రుడ్లు పెట్టును.

ఇక్కడ ఒక పొరపాటును తీర్చవలెను. ఉల్లికోడు వచ్చిన పిలక కూడ గొట్టమే. కాని ఆ గొట్టమును ఎవరును కట్టలేదు. ఈగ పిల్ల మొదట చేరిన కారణమున పిలకే ఉల్లి కాడవలె బోలుగా పెరిగినది. నీటి మీద తేలు కత్తిరించిన గొట్టము వేరు, దుబ్బులో నిలిచియున్న వెండివంటి గొట్టము వేరు. రెండింటికి ఒకే మందు అడుగరాదు.

ఆకుముడత పురుగు ఇల్లు గాలికి, పక్షికి అడ్డము. ఈ గొట్టము పడవ, ఇల్లు, నీటికుండ కూడ. దాని బలము, బలహీనత రెండును నీరే. రెండు మూడు దినములు మడిలోని నీరు పూర్తిగా తీసినచో గొట్టములు బురదలో పడి, పురుగు ఎండి, చీమల పాలగును. పుస్తకములన్నిటను ఈ సలహాయే ఉండును. కొల్లేటి ప్రక్క రైతు దీనిని విని నవ్వును. బుడమేరు, తమ్మిలేరు నీరంతయు వచ్చి చేరు పల్లము అది. బయటికి పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామముల దారులే మునిగినవి. మడిలో నీరు తీయుమన్నచో ఎక్కడికి తీయును?

అట్టి చోట ఇంటి స్వభావమునే వాడుకొనవలెను. తేలు గొట్టమును గాలి ఒక వైపునకు నెట్టును. ఉదయము పూట ఇద్దరు మనుషులు కొబ్బరి తాడును చేనికి అడ్డముగా పట్టి, ఆకుల మీదుగా రెండు మూడు సార్లు లాగినచో ఆకులకు అంటిన గొట్టములు నీటిలో రాలును. గాలి వాలు మూలన అవి నాచువలె కుప్ప పడును. దోమతెర గుడ్డతో గాని, చిన్న వలతో గాని దేవి గట్టు మీద పోసినచో ఎండకు చచ్చును. పూర్వము నీటిలో కిరసనాయిలు కలిపి తాడు లాగుడని చెప్పెడివారు. కొల్లేటి ప్రక్కన నేనా సలహా ఇవ్వను. మన మడి నీరు బోదెలోనికి, బోదె నీరు డ్రెయినులోనికి, అక్కడి నుండి చేపల చెరువులకు, సరస్సునకు పోవును. 1999లో అభయారణ్యముగా, 2002లో రామ్సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. ఈ పురుగు బెడద కూడ పిలకల దశతో సాధారణముగా తీరిపోవును, దుబ్బు తేరుకొనును. మరీ లేత నారు ఊడ్చిన పల్లపు మడిని మాత్రము కనిపెట్టి ఉండవలెను.

ముడత విప్పి లెక్కించు పద్ధతి

తిరిగి ఆకుముడత దగ్గరకు వత్తము. నాటిన మూడవ వారము నుండి వారమునకొకసారి చేలో మూల నుండి మూలకు నడువుడు. గట్టునకు మూడు బారలు లోపలికి పోయి మొదలుపెట్టుడు. గట్టు వెంబడి, చెట్టు నీడన చూచిన లెక్క ఎప్పుడును ఎక్కువగానే ఉండును. ఇరువది దుబ్బులు చూడుడు. ప్రతి దుబ్బులో ముడుచుకొన్న ఆకులన్నిటిని విప్పుడు. ఒక కాగితము మీద మూడు గళ్ళు గీచి ప్రాణముతోనున్న పురుగు ఎన్ని, చచ్చినది లేక కందిరీగ గూడున్నది ఎన్ని, ఖాళీ ముడత ఎన్ని అని వ్రాయుడు. మొదటి గడి ఒక్కటే మందుకు లెక్క. పిలక దశలో సగటున దుబ్బుకు రెండు, చిరుపొట్ట నుండి దుబ్బుకు ఒకటి, బ్రతికిన పురుగుతో కూడిన ఆకులు దాటినప్పుడే మందు తలంపవలెను. నాటిన మొదటి 30 దినములలో రెండు దాటినను నేను మరొక వారము ఆగి, మరల విప్పి చూడుమందును.

తెల్లచార ఉన్నంతమాత్రమున ఆకుముడత కాదు. ముడత లేకుండ విచ్చుకొన్న ఆకు మీద సన్నని సమాంతర తెల్లగీతలున్నచో అది తాటాకు తెగులు, అనగా హిస్పా పెంకు పురుగు పని. ఆకు కొస నుండి అంచు వెంబడి అలలవలె పసుపు తిరిగి ఎండుచు వచ్చినచో అది ఎండాకు తెగులు. దానికి పురుగుమందు దండుగ. ఎండాకు తెగులు ఉన్న చేలో తాడు కూడ లాగరాదు. గాయపడిన ఆకుల వెంట తెగులు చేనంతా ప్రాకును.

తాడు లాగుట ఆకుముడతకు కూడ పనికివచ్చును. మడిలో నీరు నిలిపి లాగినచో వదులైన ముడతల నుండి పురుగులు రాలి నీటిలో పడును. పొట్ట విచ్చు సమయమున మాత్రము లాగరాదు. యూరియా ఒక్కసారే గుప్పించక మూడు దఫాలుగా వేయుడు. యూరియా ఎక్కువైన నల్లపచ్చని మెత్తని ఆకు మీద ఈ పురుగు బాగుగా బ్రతుకును. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసినచో చేనిలోనికి ఎండ, గాలి వచ్చును. నడచి ముడతలు విప్పుటకు మీకు దారియు దొరకును. గట్ల మీది గడ్డిజాతి కలుపును తీయుడు, ఈ పురుగుకు అది విడిది.

లెక్క నిజముగా దాటినప్పుడు మందు కొట్టక తప్పదు. అప్పుడును ఇంటి సంగతి మరువరాదు. తగిలిన చోటనే చంపు మందు ముడత వెలుపలనే ఆరిపోవును. ఆకులోనికి ఇంకి, పురుగు తిన్న పచ్చనతో దాని కడుపులోనికి పోవునది కావలెను. కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 శాతము పొడి లీటరు నీటికి 2 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతము ద్రావణము లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, ఎకరమునకు 200 లీటర్ల నీటితో, సాయంత్రము పూట దుబ్బు తడియునట్లు కొట్టుడు. రెండింటిలో ఒకటే, కలిపి కొట్టరాదు. సైపర్‌మెత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు వరిలో వద్దు. అవి చేపలకు, రొయ్యలకు కూడ మిత్తి. కార్టాప్ సైతము చేపలకు హాని చేయునదే గనుక, కొట్టిన చేని నీరు వారము దినముల వరకు బోదెలోనికి పోకుండ తూము మూసి ఉంచుడు. వాన పడు సూచన ఉన్న దినమున కొట్టకుడు.

మందు కొట్టునప్పుడు ఒక మూల నాలుగు సెంట్లు కొట్టక విడిచి, నాలుగు ప్రక్కల కర్రలు పాతుడు. ఏడవ దినమున రెండు చోట్లను ముడతలు విప్పి, అదే మూడు గళ్ళ కాగితము మీద వ్రాయుడు. కోతనాడు ఆ నాలుగు సెంట్ల పంటను వేరుగా నూర్చి, మందు కొట్టిన చోట నాలుగు సెంట్ల ధాన్యముతో తూచి చూచుకొనుడు. ఆ కాగితము మరుసటి సార్వాకు మీ చేతిలో ఉండవలెను.